అరువు ముక్కు

మా బావకి వాసన తెలీదు. ఇరవై రెండేళ్లు క్లోరిన్ పొడి పీల్చి పీల్చి ముక్కు చచ్చిపోయింది. పొయ్యి మీద అన్నం మాడుతున్నా పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటాడు. "ఈయన ముక్కు మా తమ్ముడి మొహం మీదుంది" అని అక్క ఏడిపించేది.

కొత్తగా కట్టిన స్విమ్మింగ్ పూల్‌లో నీళ్లని మనుషులు దిగేలా తయారుచేయడం బావ పని. ఆయన వెనకాల బ్రష్షు పట్టుకు తిరగడం నాది. కొత్త గోడలు వారాల తరబడి సున్నం కక్కుతాయి. రోజూ తోమాలి, యాసిడ్ కొలిచి పోయాలి, ఆఖర్న క్లోరిన్ వేయాలి. గాజు గొట్టంలో ఆ నీళ్లు పట్టి పరీక్ష బిళ్ల వేస్తే, క్లోరిన్ సరిపడా ఉంటే లేత గులాబీ రంగు రావాలి. వచ్చినా బావకి మనసొప్పదు. "ఘాటేమన్నా ఉందేంట్రా?" అని నన్నడిగి, తనే ముందు మునిగి, నీళ్లలో కళ్లు తెరుస్తాడు. మండకపోతేనే అప్పగింత.

ఆమధ్య ఒక హోటల్లో పూల్ పని పట్టాం. నీళ్లింకా మసగ్గానే ఉన్నాయి. బావ మూడు రోజులాగమన్నాడు. ఓనరుకేమో మర్నాడే అతిథులు. తెల్లారి నేను వెళ్లేసరికి ఆయనే మెట్ల దగ్గర క్లోరిన్ బకెట్టు బోర్లిస్తున్నాడు. ఎక్కువేస్తే తొందరగా తేరుకుంటాయట!

"మీ బావకి చెప్పకు. రేపట్నించి ఈ పూల్ చూసుకునే ఉద్యోగం నీదే" అన్నాడు.

బావ వచ్చి గొట్టంలో బిళ్ల వేశాడు. రంగే రాలేదు. అలా అయితే రెండే అర్థాలు: క్లోరిన్ బొత్తిగా లేదు, లేదా రంగుని కూడా తినేసేంత ఉంది. మంచినీళ్లు కలిపి మళ్లీ చూస్తానన్నాడు బావ.

"టైము లేదయ్యా. నీ నీళ్ల మీద నీకే నమ్మకం లేదా?" అన్నాడు ఓనరు.

బావ నా వైపు తిరిగాడు. "ఘాటేమన్నా ఉందేంట్రా?"

ఆ ఘాటుకి నా గొంతు పట్టేస్తోంది. ఓనరు నన్నే చూస్తున్నాడు.

"లేదు బావా."

చొక్కా విప్పి మెట్ల దగ్గరే మునిగాడు. కరగని పొడంతా అక్కడే పేరుకునుంది. తెల్లటి నేల మీద తెల్లపొడి ఎవరికి కనబడుతుంది? అలవాటు ప్రకారం కళ్లు తెరిచాడు.

నమ్మినవాణ్ణి నట్టేట ముంచడం అంటారే, నేను నాలుగడుగుల నీళ్లలో ముంచాను. ఆ కేకలకి ఓనరు అన్నది ఒక్కటే మాట: "అతిథులొచ్చే వేళ, వెనక గేటు నుంచి తీసుకుపో."

ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోదానికి వెలుగూ నీడా తెలుస్తాయంతే. ఉద్యోగం నాకొచ్చింది. సిగ్గులేకుండా చేరాను.

మొన్న వాళ్లింటికి వెళితే బావ తడుముకుంటూ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ రోజు నీకు జలుబు చేసుంటుందిరా. మనసులో పెట్టుకోకు."

"జలుబే బావా" అన్నాను.

ఇంతలో అక్క వంటింట్లోంచి పాలగిన్నె తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది, విరిగాయో లేదో చెప్పమని.