గూడూరులో బండి మారే చుట్టాలు

మా ఇల్లు గూడూరు రైలు స్టేషనుకు బాగా దగ్గర. బండి కూత విన్నాక చెప్పులు వేసుకుని బయలుదేరినా అందుకోవచ్చు. అందుకే మాకు చుట్టాలు ఎక్కువ. నెల్లూరు వైపు నుంచి తిరుపతి పోవాలంటే ఎవరైనా సరే మా ఊళ్ళో పెద్ద లైను బండి దిగి చిన్న లైను బండి ఎక్కాలి. మధ్యలో కొన్ని గంటలు ఖాళీ. ఆ కాసేపూ మా ఇంట్లో కాక ఇంకెక్కడైనా గడపవచ్చని మా బంధువుల్లో ఎవరికీ తోచేది కాదు. ఇందుకూరుపేట నుంచి, కోవూరు నుంచి, ఆ చుట్టుపక్కల పల్లెల నుంచి మొక్కులకనీ పుట్టువెంట్రుకలకనీ బయలుదేరినవాళ్ళు ట్రంకుపెట్టెలతో, చంటిపిల్లలతో నేరుగా మా వసారాలోకి వచ్చేవాళ్ళు. వెళ్ళేటప్పుడు ఒక పూట, కొండ దిగి గుండ్లతో తిరిగొచ్చేటప్పుడు ఇంకో పూట.

నాయనకు అదొక గొప్ప. ఆయన ఒక మైకా కంపెనీ షెడ్డులో సూపర్వైజరు. గనుల నుంచి వచ్చిన కాకిబంగారం బిళ్ళల్ని ఆడవాళ్ళు వరసగా కూర్చుని కత్తులతో పొరలు పొరలుగా విడదీసేవాళ్ళు. వాటిని సైజుల వారీగా వేరు చేయించి పెట్టెలకెక్కించడం నాయన పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన చొక్కాయే కాదు, కనుబొమలు కూడా మెరుస్తుండేవి. పల్లెలో సేద్యం వదిలి నెల జీతం మీద బతుకుతున్నవాడు మా వాళ్ళలో ఆయనొక్కడే. వచ్చినవాళ్ళు కడుపునిండా తిని, ‘మావాడు గూడూర్లో బాగుండాడు’ అని ఊళ్ళో చెప్పుకుంటే ఆయనకు అంతకన్నా ఏమీ అక్కరలేదు.

అరవైలు మొదలవుతున్న రోజులవి. అన్న హైస్కూల్లో ఉన్నాడు, నేను ఇంకా పరికిణీలు కట్టే వయసు. ఒకరోజు నాయన ఎప్పటికన్నా ముందే ఇంటికొచ్చి, పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ అమ్మతో అన్నాడు.

“పైదేశాలోళ్ళు సరుకు తీసుకోవడం తగ్గించేసినారంట. ఆడోళ్ళని సగంమందిని మాన్పించినారు.”

“మరి మిమ్మల్ని?”

“ఉండమన్నారు. సగం జీతానికి.”

అమ్మ చెంబు కింద పెట్టింది. “ఉంటామని చెప్పినారా?”

“చెప్పక యాడికి పోయేది?”

“మంచి పని చేసినారు,” అని అమ్మ తువ్వాలు అందించింది.  ఆ రాత్రి పాలు కాచేటప్పుడు చూశాను, ఆమె గిన్నెలో నీళ్ళు కాస్త ఎక్కువే పోసింది.

మర్నాటి నుంచి మా ఇంట్లో ఒక్కొక్కటే కనపడకుండా పోసాగాయి. ముందు కాఫీ పోయింది. నాయనకు మాత్రం పొద్దున ఒక్క గ్లాసు ఉంచాలని అమ్మ చూసింది గానీ, పిల్లలు చూస్తుండగా తాను తాగనని ఆయన మొండికేశాడు. కాఫీ మానేసిన కొత్తలో ఆయనకు విపరీతమైన తలనొప్పి వచ్చేది. ఆదివారాలు తలకు గుడ్డ బిగించి కట్టుకుని మంచం మీద పడుకునేవాడు. పాలు పోసే ఆమె ఒక పూటే రావడం మొదలెట్టింది. చాకలికి దుప్పట్లు తప్ప ఏమీ వేసేవాళ్ళం కాదు. నా పరికిణీలు పొట్టివైతే అమ్మ తన పాత చీర అంచు కింద అతికి కుట్టింది. బడిలో నా స్నేహితురాలొకతె అది కొత్త ఫ్యాషననుకుని వాళ్ళమ్మను అలాంటిదే కుట్టమని అడిగింది కూడా.

అన్నకు ఇంగ్లీషు ట్యూషను మాన్పించారు. అందుకు అమ్మ ఒక షరతు పెట్టింది: వాడు రోజూ సాయంత్రం వసారాలో కూర్చుని తనకు వినపడేటట్టు పైకి చదవాలి. అమ్మకు తెలుగే కూడబలుక్కుని చదవడం, ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆమెకేం తెలుస్తుందిలే అని వాడు వరసగా ఒకే పాఠం చదివాడు. వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది.

“నిన్న కూడా ఇదే గదరా చదివింది? రేపన్నా పేజీ తిప్పు.”

అన్నిటికన్నా కష్టమైంది అన్నం. మా వాళ్ళంతా పెన్న నీళ్ళతో వరి పండించేవాళ్ళు. మా ఇంట్లో ఏ పూటైనా వరి అన్నమే. అలాంటిది రాత్రి పూట జొన్న సంగటి మొదలైంది. కొన్నాళ్ళకు పగలూ అదే అయింది. మొదట్లో గొంతు దిగక అన్నా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. నాయన మాత్రం, “భలే ఉంది,” అంటూ పెద్ద పెద్ద ముద్దలు మింగేవాడు. మింగిన ప్రతిసారీ నీళ్ళు తాగేవాడు.

అమ్మ ఏది తగ్గించినా నాయన అడ్డు చెప్పలేదు. ఒక్క మాట మాత్రం అన్నాడు. “మనం ఏమన్నా తిందాం. వచ్చినోళ్ళకి మాత్రం తక్కువ చేయబాక.”

అందుకని అమ్మ ఒక డబ్బాలో వడ్ల బియ్యం వేరుగా పెట్టింది. చుట్టాలొస్తే ఆ డబ్బా మూత తీసేది. చుట్టాల ముందు మేం సంగటి తింటే నాయన పరువు పోతుంది కాబట్టి ఆ పూట మాకూ అన్నమే. ఈ సంగతి అన్నకూ నాకూ అర్థం కావడానికి ఎంతోకాలం పట్టలేదు. నెల్లూరు బండి వచ్చే వేళకు మేమిద్దరం స్టేషను దగ్గరకు పోయి కంచె పట్టుకుని నిలబడేవాళ్ళం. దిగేవాళ్ళ మొహాల్లో ఎవరన్నా మామయ్యో పిన్నమ్మో కనపడతారేమోనని ఆశ. “ఆ ఎర్రచీర మన కోవూరు పిన్నమ్మేనే,” అని అన్న అనేవాడు. దగ్గరకొచ్చేసరికి ఎవరో అయ్యేది.

ఎందుకో గానీ చుట్టాలు రావడం తగ్గిపోయింది. తరవాత మొత్తానికే ఆగిపోయింది. నాయన సాయంత్రం వస్తూనే వసారా వైపు చూసి, “ఎవురూ రాలేదా?” అని అడిగేవాడు. “ఈ నెల మంచి రోజులు లేవేమో,” అని తనే సమాధానం చెప్పుకునేవాడు. అమ్మ తల ఊపేది.

ఒక ఆదివారం మేం కంచె దగ్గర నిలబడి ఉండగా అన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ప్లాట్‌ఫారం చివర నీళ్ళ కొళాయి పక్కన ఒక గుంపు చాప పరుచుకుని కూర్చుని ఉంది. మధ్యలో మా అత్త, నాయనకు సొంత అక్క. ఇందుకూరుపేట దగ్గర పల్లెలో వాళ్ళకు వరి సేద్యం. వాళ్ళమ్మ చిన్నప్పుడే పోతే నాయనను పెంచింది ఆమే. పక్కన మామ, కొడుకులు, కోడళ్ళు, ఒక పసిపిల్లవాడు. అత్త ఆకు పొట్లాలు విప్పి అందరికీ పులిహోర పంచుతోంది.

“అత్తా!” అని అరుస్తూ పరిగెత్తాను.

ఆమె ఉలిక్కిపడింది. “మీరెందుకొచ్చినారే ఈడికి?”

“ఇంటికి రాలేదేం?”

“యాడమ్మే, బండికి టైము లేదు.”

“తిరుపతి బండికి ఇంకా చానాసేపు ఉండాది గదా అత్తా,” అన్నాడు అన్న. ఆ స్టేషను బండ్ల వేళలన్నీ వాడికి కంఠతా.

 అత్త మా ఇద్దరినీ దగ్గరకు లాక్కుని కూర్చోబెట్టి చెరో పొట్లం చేతిలో పెట్టింది. మేం తింటుంటే చూస్తూ, నా మోచేతిని వేళ్ళతో చుట్టి పట్టుకుని, “ఎంత చిక్కిపోయినావే,” అంది. తిరుపతి బండి వచ్చేదాకా వాళ్ళతోనే ఉన్నాం. ఎక్కబోతూ అత్త చెప్పింది. “మీ నాయనతో చెప్పబాకండి. నా బంగారాలు గదూ.”

మేం చెప్పాలనుకోలేదు. కానీ పులిహోర తిన్న చేతులు సరిగ్గా కడుక్కోలేదు. అమ్మ నా వేళ్ళు పట్టుకుని చూసి, “ఈ పసుపేంది?” అంది. అబద్ధం నోటికి రాక ఉన్నది చెప్పేశాను. లోపల మంచం మీద పడుకున్న నాయన విననే విన్నాడు. చొక్కా తగిలించుకుని గబగబా బయటికి పోయాడు. అప్పటికే తిరుపతి బండి వెళ్ళిపోయిందట. చీకటి పడ్డాక తిరిగొచ్చి వసారాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

“మా అక్క,” అన్నాడు అమ్మతో. “నా ఇల్లు ఈడ పెట్టుకుని, ప్లాట్‌ఫారం మీద ఆకులో తిని పోయిందంట.”

తరవాతి రోజుల్లో షెడ్డు నుంచి ఆయన నేరుగా స్టేషనుకే పోయేవాడు. తిరుపతి నుంచి వచ్చే బండి పెట్టె పెట్టెలోకీ తొంగిచూసేవాడు. వాళ్ళు తిరిగొచ్చిన సాయంత్రం అన్న కూడా వెంట వెళ్ళాడు. అందరివీ గుండ్లే కావడంతో మొదట పోల్చుకోలేకపోయారట. పసిపిల్లవాడికి టోపీ పెట్టలేదని కోడలిని కేకలేస్తున్న గొంతు విని నాయన గుర్తుపట్టాడు. పలకరింపులేవీ పెట్టుకోలేదు. ట్రంకుపెట్టె ఎత్తి నెత్తిన పెట్టుకుని ఇంటి దారి పట్టాడు. పెట్టె పోయిన వైపు వాళ్ళూ రాక తప్పింది కాదు.

అందరినీ వసారాలో కూర్చోబెట్టి నాయన వంటింట్లోకి వచ్చాడు. గొంతు తగ్గించి, “అన్నం వండు. పక్కింట్లో అడిగి నెయ్యి తెస్తా,” అన్నాడు.

అమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు. సంగటి కెలుకుతూనే ఉంది.

“అన్నం వొండను.”

“ఏంది?”

“ఇదే పెడతా. వంకాయ పులుసు ఉంది, మజ్జిగ ఉంది.”

“మా అక్కకి సంగటి పెడతావా?”

“మనకి కష్టంగా ఉందని వాళ్ళకి తెలుసు. తెలిసే గదా స్టేషన్లో కూర్చున్నారు. ఈ పూట అప్పు చేసి నెయ్యి పోస్తే, నా వల్ల వీళ్ళకి ఇంత ఖర్చయిందే అని ఆమె మళ్ళా ఈ గడప తొక్కదు. మనం తినేదే పెడితే మళ్ళా వస్తుంది.”

నాయన గుమ్మం గట్టిగా పట్టుకున్నాడు. ఆయన మొహం ఎర్రబడింది. కొడతాడేమోనని భయపడ్డాను గానీ ఆయన ఎన్నడూ చెయ్యెత్తిన మనిషి కాదు. చివరకు వెళ్ళి తనే ఆకులు కడిగి పరిచాడు.

అమ్మ తలా ఒక ముద్ద పెట్టుకుంటూ వచ్చింది. చిన్నకోడలు ఆ ముద్ద వంక వింతగా చూసింది. అత్త మాత్రం ముద్ద నడుమ బొటనవేలితో గుంట చేసి, పులుసు పోయించుకుని తినడం మొదలుపెట్టింది. సగం తిన్నాక తలెత్తింది.

“నువ్వు కూర్చోవేందిరా? నువ్వట్టా నిలబడితే మాకెట్టా దిగుద్ది?”

నాయన కూర్చున్నాడు. కూర్చున్నాక అడిగాడు. “నన్ను వెలేసినావా అక్కా?”

“ఛీ, అవేం మాటలు! షెడ్డు సంగతి మా ఊరిదాకా వచ్చింది. నేనే అందరికీ చెప్పినా. తమ్ముడు కోలుకునేదాకా గూడూర్లో ఎవురూ వాడి ఇంటికి పోబాకండి అని. నీ బియ్యం మిగులుతాయి గదా అని చెప్పినా.”

“బియ్యం మిగిల్తే మిగిలినాయిలే. ఇల్లు పాడుబడిపోయింది.”

అమ్మ పులుసు గిన్నె పట్టుకుని నవ్వింది. “ఇంకో సంగతి వొదినా. మీరొస్తే ఈ పిల్లలకి వరి అన్నం. అందుకని దినామూ కంచె కాడికి పోయి కాపలా కాస్తా ఉండారు.”

వసారాలో అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వబోయి, పైట చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తరవాత ముక్కు తుడుచుకుని, “ఇంకో ముద్ద పెట్టమ్మాయ్. బాగుండాది,” అంది. నిజంగానే బాగుందో, మా కోసం అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. రెండోదీ పూర్తిగా తిన్నదని మాత్రం గుర్తు.

ఆమె వెళ్ళిన కొద్దిరోజులకు మా వసారాలో మళ్ళీ ట్రంకుపెట్టెలు కనపడసాగాయి. ఏది పెడితే అది తినేవాళ్ళు. కొందరు వస్తూ వస్తూ గుమ్మడికాయో, సంచిలో కందిపప్పో తెచ్చేవాళ్ళు. కోతలయ్యాక అత్త బండి మీద ఒక బస్తా బియ్యం పంపింది. నాయన వెనక్కి పంపిస్తానని గొడవ చేశాడు. “మీ అక్క పంపింది మీకు గాదు, నాకు,” అని అమ్మ బస్తా లోపలికి దొర్లించేసింది. ఆయన రెండు రోజులు అలిగి, మూడోరోజు ఆ బియ్యమే తిన్నాడు.

మైకా మళ్ళీ పుంజుకుంటుందని నాయన నమ్మాడు గానీ అలా జరగలేదు. కొంతకాలానికి షెడ్డు మొత్తమే మూసేశారు. కొన్ని నెలలు ఏ పనీ లేదు. ఆ నెలల్లో స్టేషను దగ్గరి ఇంటి అద్దె కట్టలేక ఊరి అవతలి వైపు ఒంటిగది ఇంట్లోకి మారాం. సామాన్లు బండికెక్కించేటప్పుడు నాయన, “ఇంత దూరం ఎవురొస్తారు?” అన్నాడు. అమ్మ గాజు సీసాలకు గుడ్డలు చుట్టుకుంటూ, “రావాల్సినోళ్ళు వస్తార్లెండి,” అంది.

ఆ తరవాత ఆయనకు నిమ్మకాయల మండీలో లెక్కలు చూసే ఉద్యోగం దొరికింది. మద్రాసుకు పోగా మిగిలిన దెబ్బతిన్న నిమ్మకాయలు సంచినిండా ఇంటికి తెచ్చేవాడు. అమ్మ వాటిని ఊరగాయ పెట్టి, వచ్చినవాళ్ళకు పోయేటప్పుడు ఒక చిన్న సీసా చేతికిచ్చేది. జీతం పాత జీతమంత ఎన్నడూ కాలేదు. అయినా రాత్రి పూటకు అన్నం తిరిగొచ్చింది, అన్న ఎస్సెల్సీ పరీక్షకు కట్టాడు, నాయన ఆదివారాలు ఒక గ్లాసు కాఫీ తాగడం మొదలుపెట్టాడు.

కొత్త ఇంటికి చుట్టాలు స్టేషను నుంచి జట్కా కట్టించుకుని రావాల్సి వచ్చేది. జట్కా డబ్బులు గిట్టుబాటు కావాలనో ఏమో, వచ్చినవాళ్ళు ఒక పూటతో వెళ్ళేవాళ్ళు కాదు. స్టేషను ముందర బండ్లవాళ్ళకు మా ఇల్లు ఎంత అలవాటైపోయిందంటే, ట్రంకుపెట్టెతో గుండు మనిషి ఎవరు దిగినా, “నిమ్మకాయల గుమాస్తా ఇంటికేనా?” అని అడిగి మరీ ఎక్కించుకునేవాళ్ళు.