మాకింకా తెలీదండి

మోటార్లకు రాగితీగ చుట్టే మేస్త్రి నోటికి మా వీధంతా జడిసేది. కాలిన మోటారును వాసన చూసే, తప్పు దానిదా యజమానిదా తేల్చేసేవాడు. ఆ పనయ్యాక టీ కొట్టు బల్ల మీద కూర్చుని ప్రభుత్వం తప్పులు తేల్చేవాడు.

ఊరి చివర ఇంధన పరిశోధనాలయం ఉంది. సూర్యుడిలో జరిగేదాన్ని ఇనుప తొట్టిలో జరిపించి కరెంటు తీస్తామని అక్కడివాళ్ళు పదిహేనేళ్ళుగా చెబుతున్నారు.

"ఉన్న సూర్యుడికే గొడుగు పడుతున్నాం, ఇంకోడెందుకురా?" అనేవాడు మేస్త్రి. "అదో తెల్లఏనుగు. మన పన్నులే దానికి మేత."

బల్ల బల్లంతా నవ్వేది. ఆ నవ్వు ఎవరి చెవిన పడిందో, పరిశోధనాలయం నిధుల సమీక్షా సంఘంలో 'సామాన్య పౌరుడు' అనే ఖాళీలో మేస్త్రిని వేశారు. "కడిగేసి రా మేస్త్రీ!" అని అందరూ సాగనంపారు.

పరిశోధనాలయంలో తక్కిన సభ్యులు బిస్కెట్లను సమీక్షిస్తుంటే, మేస్త్రి యంత్రం చుట్టూ తిరిగాడు. మనిషి నడుమంత లావు రాగి చుట్టల దగ్గర వంగి వాసన చూశాడు. ఆపైన అక్కడి పెద్ద శాస్త్రవేత్తను, జుట్టు నెరిసిన ఆవిడను, నిలదీశాడు.

"ఎంత కరెంటు పోస్తారమ్మా? ఎంత వస్తుంది?"

"పది పోస్తే ఒకటొస్తోందండి."

"పదకొండు ఎప్పుడొస్తుంది?"

"మాకింకా తెలీదండి. రాకపోవచ్చు కూడా. ఎందుకు రావట్లేదో మాత్రం పోయినేటి కంటే ఇప్పుడు బాగా తెలుసు."

మేస్త్రి మనసు ఆ మాటకే కరిగిపోయింది. యాభై ఏళ్ళ బతుకులో ఏ సర్కారు భవనంలోనూ 'మాకు తెలీదు' అన్న మాట వినలేదు. కుళాయి ఎప్పుడొస్తుందో కూడా అందరికీ ఖచ్చితంగా తెలుసు, నీళ్ళే రావు.

టీ కొట్టుకు తిరిగొచ్చి, "వాళ్ళకి డబ్బివ్వాల్సిందే" అన్నాడు.

"ఏమన్నా ముట్టిందేంటి?" అన్నాడు జిరాక్సు కొట్టాయన.

"రెండు బిస్కెట్లు."

"చూశారా, ఒప్పేసుకున్నాడు!"

ఆ రోజు నుంచి మేస్త్రి టీ కొట్టు మెట్లెక్కలేదు.

నెల తిరక్కుండా సంఘం నివేదిక వచ్చింది. 'తమకే తెలియదని వారే అంగీకరించినందున' నిధుల్లో సగం కోత. కోసిన సొమ్ముతో కూడలిలో రంగుదీపాల ఫౌంటెన్ వెలిసింది. జనం పిల్లాపాపలతో వెళ్ళి ఫొటోలు దిగారు.

"అభివృద్ధంటే కంటికి కనబడాలి" అన్నాడు జిరాక్సాయన.

మేస్త్రి కోత వద్దని అర్జీ రాయించాడు. పాతిక సంతకాలుంటే గానీ తీసుకోరట. తనదొకటి పెట్టి, కాగితం భార్యకిచ్చాడు. ఆవిడ చూడకుండానే గీకేసింది.

"చదివి పెట్టవే!"

"చదివితే పెట్టను" అంది.

వీధిలో తలుపులు వేసుకున్నారు. టీ కొట్టాయన ఒక్కడే పెన్ను అందుకున్నాడు. "మీరు రాక బల్ల చప్పబడిపోయింది బాబాయ్. సంతకం పెడతా గానీ, రేపట్నుంచి వచ్చి తిట్టండి, ఎవర్నయినా."

మూడు సంతకాలయ్యాయి. మర్నాడు మేస్త్రి పక్క వీధి మొదలుపెట్టాడు.