మడమ ఎముక

శ్రీకాకుళం బస్టాండులో కూర్చుని పాదంలోని ఎముకల పేర్లు బట్టీ పడుతున్నాను. మర్నాడు నా ఫిజియోథెరపీ పరీక్ష. ఇరవై ఆరింటిలో పంతొమ్మిది దగ్గరే ఆగిపోతున్నాను.

పక్కనే ఒక పెద్దావిడ ఖాళీ చేపల గంప దించబోయి, నడుం పట్టేసి వంగినది వంగినట్టే ఉండిపోయింది.

"ఎదురుకాళ్లతో పుట్టినోలు ఎవులైనా ఉన్నారేటర్రా? ఒక్క తన్ను తన్నండి!" అని అరిచింది.

అలా కాళ్లు ముందుగా బయటికొచ్చి పుట్టినవాళ్లు తంతే పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. నేను అలాగే పుట్టాను. చదివిన చదువుకి నోరు మూసుకోవలసింది. చెయ్యెత్తేశాను.

"పెద్దవారు, మీకు కాలెలా తగిలించనమ్మా?" అన్నాను.

ఆవిడ వంగే ఉండి నా పుస్తకంలోని బొమ్మ చూసింది.

"ఇన్ని బొమికలు సదువుతన్నావు. అన్నిట్లోకీ పెద్దదేదో సూసి దాంతో తన్నే పిల్లా!"

ఆవిడ భుజం తాకి కళ్లకద్దుకుని, చెప్పు విప్పి, మడమను నడుముకి మెల్లగా ఆనించాను.

"గట్టిగా!" అంది.

కాస్త నొక్కాను. ఆవిడ "అమ్మయ్య" అంటూ నిటారుగా లేచి, గంప ఎత్తుకుని కళింగపట్నం బస్సు వైపు పరుగెత్తింది.

మర్నాడు పరీక్షలో మడమ ఎముక వచ్చింది. పేజీన్నర రాశాను. దాని ఉపయోగాల్లో ఒక్కటి మాత్రం రాయలేదు.