కాలి ఇంటర్వ్యూ

మేం నలుగురం ఒడిశాలోని బరంపురం ఆడపిల్లల హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళం. పేర్లు రాయను. రాస్తే మిగతా ముగ్గురూ నా మీదకొస్తారు. రాయకపోయినా వస్తారు కానీ, అప్పుడు "అది నువ్వేనని ఎవరన్నారు?" అనడానికి నాకో దారి ఉంటుంది.

ఒకావిడ ఊరగాయలు, అప్పడాల వ్యాపారం చేస్తుంది. ఇంకొకావిడ రైల్వే బుకింగ్ ఆఫీసులో ఉద్యోగం. మూడో ఆవిడ కొడల అనే పక్క ఊళ్ళో ఒక స్కూల్లో టీచరు. నేను బీమా ఆఫీసులో. ఇల్లు బరంపురంలోనే, అంకులి వైపు.

మా నలుగురికీ ఫోన్లో ఒక గ్రూపుంది. అందులో వచ్చేవన్నీ ఈ వయసు వార్తలే. ఎవరి మోకాలు వాచింది, ఎవరి మొగుడు రిటైరై వంటింట్లో కుర్చీ వేసుకుని పోపులో ఆవాలు ఎక్కువయ్యాయంటున్నాడు, ఇలాంటివి. ఊరగాయలావిడ కొడుకు ఒడియా పిల్లని చేసుకున్నాడు. ఆ పిల్ల అత్తగారిని వాళ్ళ భాషలో "బోవు" అని, అంటే అమ్మా అని పిలుస్తుంది. మొదట్లో ఈవిడ తెగ మురిసిపోయింది. ఇప్పుడేమో, కూతుళ్ళు అమ్మ మాట ఎంత వింటారో ఆ పిల్లా అంతే వింటోందని గ్రూపులో మొర. రైలావిడకి ప్రమోషన్ వచ్చి, కౌంటర్ వదిలి లోపలి గదిలో కూర్చుంది. అరవడానికి ఎదురుగా జనం లేక పొద్దు పోవడం లేదట.

కొడలావిడ మాత్రం తన వార్తలు పెట్టదు. మా వార్తలకి దణ్ణం బొమ్మ పెడుతుంది. మంచి వార్తకీ అదే, చెడ్డ వార్తకీ అదే.

ఆమె చదువులో మా అందరికంటే పైన. గొంతే చిన్నది. పాతికేళ్ళుగా ఆ స్కూల్లో పాఠాలు చెబుతోంది. ఆమె తర్వాత చేరినవాళ్ళు రెండుసార్లు ఆమెని దాటి హెడ్మాస్టర్లయ్యారు. రెండుసార్లూ సన్మానానికి దండలు తనే కొనుక్కొచ్చింది. ఆ సంగతి నాకు తెలిసిన రోజు ఫోన్లో ఆమెని తిట్టిన తిట్లకి మా ఆయన వచ్చి కిటికీ మూసి వెళ్ళాడు.

అలాంటప్పుడు బరంపురంలో ఒక ప్రైవేటు బాలికల స్కూలువాళ్ళు హెడ్మిస్ట్రెస్ కావాలని ప్రకటన వేశారు. యాభై దాటకూడదన్నారు. ఆమెకి యాభై నిండడానికి నాలుగు నెలలుంది. ముగ్గురం కూర్చోబెట్టి దరఖాస్తు రాయించాం. ఈసారి తప్పిందంటే రిటైరయ్యేదాకా, ఒకప్పుడు తన దగ్గర ట్యూషన్ చదువుకుని ఇప్పుడు హెడ్మాస్టరైన కుర్రాడి ముందు సెలవుచీటీ పట్టుకుని నిలబడాల్సిందే. అది ఆమెకీ తెలుసు, మాకూ తెలుసు.

నెల తిరిగాక ఒక సాయంత్రం మేం ముగ్గురం ఊరగాయలావిడ దుకాణంలో కొత్త మాగాయ రుచి చూస్తూ ఉండగా కొడల నుంచి మెసేజి వచ్చింది. మా గ్రూపులో అందరం ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తాం. రాసేది తెలుగో ఒడియానో రాసే చేతికే తెలీదు. ఆమె రాసింది ఇంతే:

"ఇంటర్వ్యూ కాలి. నాకేమీ రావట్లేదు."

ఒడియాలో "కాలి" అంటే రేపు. నిన్న అన్నా అదే మాట. రెండిటికీ ఒకే మాట పెట్టుకుని ఆ భాషవాళ్ళు ఇన్ని వందల ఏళ్ళు ఎలా కాపురాలు చేశారో నాకర్థం కాదు. పైగా ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే మన "ఖాళీ" కూడా అలాగే ఉంటుంది.

"రేపట ఇంటర్వ్యూ," అంది రైలావిడ.

"రేపు కాదే, ఖాళీ. ఎవరూ రాలేదు కావాల, కేన్సిల్ సేసీసేరు," అంది ఊరగాయలావిడ.

నేను ఫోన్ లాక్కుని కళ్ళజోడు పెట్టుకున్నాను. "మీ ఇద్దరికీ రెండో ముక్క కనపడలేదేటే? నాకేమీ రావట్లేదంటోంది. అంటే ఉద్యోగం రావట్లేదని. ఇంటర్వ్యూ నిన్న అయిపోనాది. పోనాది."

"రావట్లేదంటే చదివింది గుర్తుకి రావట్లేదని కాదేటి?" అంది రైలావిడ.

"పాతికేళ్ళు పాఠం సెప్పిన మనిషికి గుర్తుకి రాకపోడమేటి?"

"ఫోన్ సేసి అడుగుదామే, ఒక్క నిమిషం పని."

"ఓడిపోయిన మనిషికి ఫోన్ సేసి, ఏటే ఓడిపోయావా అని అడుగుతావా? నీకు కౌంటర్లో కూర్చుని కూర్చుని మనసన్నది పోనాది."

ఆ మాటకి రైలావిడ నోరు మూసుకుంది. నేను గెలిచాను. నిజం చెప్పాలంటే, అడిగితే తేలిపోతుందని నాకు తెలుసు. కానీ అప్పటికే గట్టిగా అనేశాను. అనేశాక అడగడం నాకు చేతకాదు.

గ్రూపులో రాశాను: "రేపు పొద్దున్నే మా ఇంటికి వచ్చెయ్. అందరం ఉంటాం. ఇంకేమీ ఆలోచించకు."

వెంటనే జవాబొచ్చింది: "సరే. మీరుంటే చాలు."

"సూడండి, ఎంత కుంగిపోయిందో," అన్నాను వాళ్ళిద్దరితో.

మర్నాడు సెలవు పెట్టి గారెలు వేశాను. పులిహోర, సేమ్యా పాయసం. ఊరగాయలావిడ మాగాయ తెచ్చింది. రైలావిడ ఆఫీసుకి ఆలస్యంగా వస్తానని చెప్పి వచ్చింది. దిగాలుగా కనపడకూడదని ముగ్గురం ముందే అనుకున్నాం.

తొమ్మిదింపావుకి కొడలావిడ వచ్చింది. పొద్దున్న ఆరింటి బస్సెక్కి వచ్చిందట. గంజి పెట్టిన నేత చీర, చంకలో ఫైలు. మొహం పాలిపోయి ఉంది. కూర్చోబెట్టి ప్లేటు ఇచ్చాను. ముట్టుకోలేదు.

ఊరగాయలావిడ ఆగలేకపోయింది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "పోతే పోనాది లేవే. ఆ ఉద్యోగం నీకు రాసిపెట్టి లేదు. ఆళ్ళకి నీలాంటి మనిషి దొరకదు, ఆళ్ళకే నష్టం."

కొడలావిడ మా ముగ్గురి మొహాలూ చూసింది. "పోయిందా? ఎవరు చెప్పారు?"

"నువ్వే కదే..."

"ఇంటర్వ్యూ పదకొండింటికి. ఇంకా అవ్వందే ఎవరికి ఇచ్చీసేరు?"

రైలావిడ నా వైపు తిరిగింది. బల్ల మీదున్న నా కళ్ళజోడు తీసి నా చేతిలో పెట్టింది.

కొడలావిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫైలు చంకలో పెట్టుకుని లేచింది. "మీకు ఊరంతా తెలుసున్నవాళ్ళే. ముందే మాట ఇచ్చీసేరని మీకు తెలిసింది. అందుకే పిలిచారు, అందుకే ఈ గారెలు. నేను ఎల్లిపోతాను. పన్నెండింటికి బస్సుంది."

"అది కాదే, మాకేమీ తెలీదు," అంది రైలావిడ.

"నన్ను ఊరుకోబెట్టకండి. రెండుసార్లు ఇలాగే అయింది. ముందే ఇచ్చీసి, తర్వాత నన్ను పిలిచి ప్రశ్నలడిగారు. మూడోసారి ఆ గదిలోకి ఎల్లలేను."

ఎంత చెప్పినా నమ్మదే! రైలావిడ ఒట్టు పెట్టింది. ఊరగాయలావిడ తన కొడుకు మీద ఒట్టు పెట్టబోయి, కోడలు గుర్తొచ్చి కాబోలు ఆగిపోయింది. గడియారం చూస్తే పది అవుతోంది. కొడలావిడ చెప్పులు వేసుకుంటోంది.

ఇంక నేనే గుమ్మానికి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాను. "నువ్వు కాలి అని రాస్తే నేను నిన్న అని చదివాను. ఇది రేపట అంది. ఫోన్ సేద్దామంది. నేనే వద్దన్నాను. ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. నాదే తప్పు."

ఆమె ఒక చెప్పుతో ఆగిపోయింది. "ఏటీ?"

"నాదే తప్పు అన్నాను."

"మళ్ళీ సెప్పు."

"ఏటే, రికార్డు సేసుకుంటావా?"

అప్పుడు నవ్వింది. ఏడుస్తూ నవ్వింది. "నువ్వు అబద్ధానికైనా ఆ మాట అనవు. అంటే నిజమే," అని వెనక్కి వచ్చి కుర్చీలో కూలబడింది. ముప్ఫై అయిదేళ్ళ స్నేహంలో నా గురించి ఆమెకున్న అభిప్రాయం అప్పుడు తెలిసింది. అది తర్వాత తేల్చుకోవచ్చని ఊరుకున్నాను. నీళ్ళు తాగించి, ఒక గారె బలవంతంగా తినిపించి, స్కూటీ తీశాను.

వెనక కూర్చుంది. నేను ఊరుకోలేదు. "మీ లోపమేటి అని అడుగుతారు, పని రాక్షసినని సెప్పు. కమిటీలో మగవాళ్ళు నలుగురుంటే నలుగురి మొహాలూ సూసి మాటాడు. మధ్యలో ఎవరైనా..."

"నువ్వు నోరు ముయ్యవే కాసేపు. నేను ఆలోచించుకోవాలి."

ఆమె ఇంత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. పక్కన రిక్షావాడు కూడా తిరిగి చూశాడు. నోరు మూసుకుని నడిపాను. పదకొండుకి ఏడు నిమిషాలుండగా దింపాను.

లోపల ముప్పావుగంట ఉంది. నేను గేటు దగ్గర వాచ్‌మన్‌తో, స్కూటీ నీడలో ఎందుకు పెట్టకూడదని వాదిస్తూ ఉండగా బయటికొచ్చింది.

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. ఒకాయన నేను చెబుతుంటే అడ్డం వచ్చాడు. నన్ను పూర్తి చెయ్యనివ్వండి అన్నాను."

"అన్నావా?"

"అన్నాను. ఆగాడు." ఫైలు స్కూటీ సీటు మీద పెట్టి, "ఆకలేస్తోందే," అంది. ఇంటికొచ్చి చల్లారిన గారెలు ఏడు తింది. రైలావిడ ఆఫీసు నుంచి రెండుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లూ నాతో మాట్లాడనని చెప్పడానికే.

పదిహేను రోజులకి ఉత్తరం వచ్చింది. ఆమెకే ఇచ్చారు. కొడల నుంచి సామాను లారీలో దింపుకుని, స్కూలుకి దగ్గరలో రెండు గదులు తీసుకుంది. భర్త సెలవురోజుల్లో వస్తాడు. ఆయన వంట నేర్చుకుంటున్నాడని గ్రూపులో పెట్టింది. అది ఆమె పెట్టిన మొదటి వార్త. మేం ముగ్గురం దణ్ణం బొమ్మలు పెట్టాం.

చేరిన రోజు పదిన్నరకి నాకు ఫోన్ చేసింది. గుసగుసగా మాట్లాడుతోంది.

"ఏటే, ఇక్కడ కుర్చీ మరీ ఎత్తే. కాళ్ళు కింద ఆనట్లేదు. వేలాడుతున్నాయి."

"స్టూలు వేయించుకో."

"మొదటి రోజే అడిగితే ఏమనుకుంటారో."

"ఎవరిని అడుగుతావే? ఆ గదిలో నీ పైన ఎవరున్నారు?"

అటువైపు ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోంది. తర్వాత ఫోన్ బల్ల మీద పెట్టినట్టుంది. బెల్లు టింగుమంది, ఎవరో లోపలికి వచ్చిన అడుగులు. మా కొడలావిడ గొంతు, ప్యూన్‌ని ఒడియాలో అన్నగారిని పిలిచినట్టు మర్యాదగానే, కానీ చివరి బెంచీదాకా వినిపించేలా, ఒక స్టూలు తెమ్మంటోంది:

"నానా, గోటె స్టూల్ ఆణిబె."