డ్రమ్ముకు వంచిన రింగు

దస్తగిర్‌కి బంతి పట్టుకోవడం వచ్చు, బుట్టలో వేయడం రాదు. ఆరడుగుల రెండంగుళాల మనిషి. కడపలో కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌కి మూడేళ్ళు ఫార్వర్డ్‌గా ఆడాడు. రింగు కింద నిలబడితే సరే, అక్కణ్ణుంచి నాలుగడుగులు వెనక్కి జరిగాడా, వేసిన బంతి ఎటు పోతుందో ఆ అల్లాకే ఎరుక. యూనివర్సిటీ టీమ్ ఎంపికకు రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ ఒకే మాట విని వచ్చాడు. ఫార్వర్డ్ అన్నవాడు పాయింట్లు చేయాలయ్యా అని.

అలాంటివాడు మా కంపెనీ టీమ్‌లో చేరతానని పట్టుబట్టాడు. తొంభై రెండు నాటి మాట ఇది. మస్కట్ అవతల అల్ సువైక్‌లో ఆసుపత్రి కట్టే సైట్‌లో మేమిద్దరం ఒకే రూమ్. నేను రాడ్ బెండర్ని, వాడు తాపీ మేస్త్రి కింద హెల్పర్. రంజాన్ లోపు పని అయిపోతుందని, హెల్పర్లందరికీ వీసా రద్దు చేసి ఇంటికి పంపేస్తారని తేలిపోయింది. టీమ్‌కి ఎంపికైనవాడికి మాత్రం మస్కట్ స్టోర్‌లో పక్కా ఉద్యోగం. ఏటా ఒక్కణ్ణే తీసుకుంటారు. ఆ ఒక్క చోటు మీదే వాడి ఆశంతా.

"షూటింగ్ నేర్చుకుంటే సాలన్నా. ఒక రింగు కావల్ల, అంతే," అన్నాడు.

నేను చేస్తానన్నాను. ఇరవై ఏళ్ళుగా ఇనుము వంచుతున్న చెయ్యి, ఒక్క చుట్టు చుట్టడం ఎంతసేపు? గుండ్రంగా రావాలంటే దేనికో ఒకదానికి చుట్టాలి కాబట్టి, సైట్‌లో పడున్న ఖాళీ డీజిల్ డ్రమ్ముకు చుట్టి పన్నెండు ఎమ్మెమ్ రాడ్డు వంచాను. అచ్చు గాజులా వచ్చింది. నీళ్ళ ట్యాంకు స్తంభానికి వెల్డింగ్ చేయించాను. పదడుగుల ఎత్తుందా లేదా అని టేపు పెట్టి మూడుసార్లు కొలిచాను. వెడల్పు కొలవాలని మాత్రం నా మట్టిబుర్రకి తట్టలేదు.

వాడు కింద నిలబడి తలెత్తి చూశాడు. "అన్నా, రింగు రవంత పెద్దగా లేదూ?"

"కోర్టు మొహం చూసి మూడేళ్ళయ్యింది, నీకేం గుర్తుంటదిరా? ఇనుం సంగతి నాకొదిలెయ్యి," అని దబాయించాను. పెద్దవాణ్ణి కదా, నమ్మాడు.

ఆ రోజు నుంచి డ్యూటీ దిగగానే, స్నానం కూడా చేయకుండా, యాభై షాట్లు. రూమ్‌లో వాడి వంట వంతు నేను తీసుకున్నాను. మొదటి రోజు పన్నెండు పడ్డాయి. నెల తిరిగేసరికి ముప్ఫై, ఆఖరి వారంలో నలభై. క్యాంపులో వాళ్ళంతా టీ గ్లాసులు పట్టుకుని వచ్చి చూసేవాళ్ళు. రింగు నాది కాబట్టి ఆ చప్పట్లలో సగం నాకే అనుకునేవాణ్ణి.

ఎంపిక ఒక శుక్రవారం సాయంత్రం, అసర్ నమాజు తర్వాత. మస్కట్‌లో వాదీ కబీర్ అనే పేటలో, కంపెనీ గ్యారేజీ పక్కన సిమెంటు కోర్టు. కోచ్ నెస్టర్ అనే ఫిలిప్పీన్స్ సర్వేయర్. వచ్చిన తొమ్మిదిమందీ ముందు తలా పది షాట్లు వేయాలన్నాడు.

దస్తగిర్ వేసిన మొదటి బంతి ఇనుముకు తగిలి బయటికి ఎగిరింది. రెండోదీ అంతే. మూడోదాంతో నేను బంతిని వదిలి రింగుకేసి చూశాను. చూపుతో ఇనుము కొలిచే కళ్ళు నావి. అది అంచు నుంచి అంచుకు, లోపలికి లోపలికి, పద్దెనిమిది అంగుళాలు. డ్రమ్ము ఇరవైమూడు. పదింటిలో ఒకటి పడింది. నెస్టర్ కాగితం మీద రాసుకున్నాడు.

వాడు కుళాయి దగ్గరికి వస్తే నిజం చెప్పేశాను. "తప్పు నాదిరా. డ్రమ్ముకు చుట్టి వంచాను. అయిదంగుళాలు పెద్దది."

చెంప మీద కొడితే బాగుండును అనుకున్నాను. వాడు మొహం కడుక్కుని కాసేపు ఆ రింగునే చూశాడు.

"అంటే నాకు షూటింగ్ రాలేదన్న మాట," అన్నాడు. "సరేలేన్నా. వచ్చింది చేస్తా."

తర్వాత ఆట, వచ్చినవాళ్ళకీ పాత టీమ్‌కీ మధ్య. అవతలి జట్టులో మెనీనో అని గోవా గుమాస్తా, నిరుడు కంపెనీలో అందరికంటే ఎక్కువ పాయింట్లు చేసినవాడు. దస్తగిర్ అతన్ని పట్టుకున్నాడు. ఎటు తిరిగితే అటు ఎదురు, ఎప్పుడు ఎగిరితే అప్పుడు మొహం ముందు చెయ్యి. ఇరవై నిమిషాల్లో మెనీనోకి దక్కినవి రెండు పాయింట్లు. రింగుకు తగిలి తిరిగొచ్చిన బంతల్లా దస్తగిర్ చేతుల్లోనే పడేది. పడగానే తనవాళ్ళకి ఇచ్చేసేవాడు. దూరం నుంచి ఒక్కటంటే ఒక్క షాటు వేయలేదు. మోకాలు చెక్కుకుపోయి రక్తం కారుతున్నా ఆగలేదు.

ఆఖర్న నెస్టర్ వాణ్ణి పిలిచాడు. "షూటింగ్ మాఫీ," అన్నాడు. సైట్ అరబ్బీలో మాఫీ అంటే లేదని. నేను కళ్ళు మూసుకున్నాను. "రీబౌండ్ వాజిద్." అంటే తిరిగొచ్చిన బంతిని అందుకోవడం దండిగా ఉందని. వేసేవాళ్ళు తన దగ్గర ఆరుగురున్నారు, బంతి తెచ్చిపెట్టేవాడే లేడు అని వచ్చీరాని హిందీలో చెప్పి, ఒకటో తారీకున స్టోర్‌కి రమ్మన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు పికప్ వెనక కూర్చుని నేను ఏడ్చేశాను, సిగ్గేం లేదు చెప్పుకోవడానికి. వాడు మోకాలికి రుమాలు చుట్టుకుంటున్నాడు.

"అన్నా, రేపు ఇంకో రింగు వంచల్ల."

"ఇంకెందుకురా? ఉద్యోగం వచ్చేసిందిగా!"

"ఉద్యోగం వచ్చింది. షూటింగ్ రాలేదు గదా."

మర్నాడు చెక్క మీద మేకులు కొట్టి, వాటి చుట్టూ కొత్తది వంచాను. ఈసారి టేపు వాడే పట్టుకున్నాడు. పద్దెనిమిది అంగుళాలు, లోపలికి లోపలికి, మూడుసార్లు కొలిచాకే స్తంభానికి ఎక్కించనిచ్చాడు. మోకాలికి కట్టుతోనే యాభై షాట్లు వేశాడు.

"తొమ్మిదన్నా! తొమ్మిది పడినాయి!" అని క్యాంపంతా వినబడేట్టు అరిచాడు. పాత రింగులో నలభై పడిన రోజున కూడా వాడు అలా అరవలేదు.