వాటా పెంచిన మేడమ్

మా కంప్యూటర్ల మేడమ్ పోయారని మొన్న ఆవిడ సొంతూరు డుంబ్రిగుడ నుంచి ఫోనొచ్చింది. "ఒక మిషను సెప్పింది నమ్మకు, రెండోదాన్ని కూడా అడుగు" అనేవారు ఆవిడ. అందుకని ఇంకొకరికి ఫోన్ చేశాను. రెండు చోట్లా అదే మాట. ఇక నమ్మక తప్పలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో పార్వతీపురంలో ఒక సర్కారు ఆఫీసులో ఆవిడ చేతికింద పనిచేశాను. కంప్యూటర్ల గది ఆవిడ రాజ్యం. చెప్పులతో వస్తే తిట్టేవారు, తుమ్మితే తిట్టేవారు. ఏసీ పాడైన రోజు తన కొండ భాషలో ఏసీనే తిట్టారు. అది బాగుపడిందని అబద్ధం చెప్పను గానీ, మెకానిక్ మాత్రం బేగి వచ్చాడు.

గదిలో రెండు సర్వర్లు, రెండింటికీ ఉమ్మడిగా డిస్కులు పేర్చిన ఒక పెట్టె. అందులో ఒక్కో సెక్షన్‌కి ఒక్కో వాటా. మా దగ్గరున్న పద్ధతిలో వాటా పెంచాలంటే దాన్ని ఆనుకునే ఖాళీ ఉండాలి. పొలం లాగే. కొండవతల బంజరుంటే లాభం లేదు.

ఒక జూన్‌లో కుల ధ్రువపత్రాల వాటా నిండిపోయింది. కొత్త పేరు ఎక్కదు, పత్రం రాదు. గుమ్మలక్ష్మీపురం వైపు నుంచి పదో తరగతి పాసైన అమ్మాయి ఒకతె పొద్దున్నే వచ్చి మెట్ల మీద కూర్చుంది. మర్నాడు విశాఖపట్నంలో కాలేజీ సీట్లిస్తారు. పత్రం లేకపోతే సీటు లేదు, సాయంత్రం బస్సు తప్పితే వెళ్ళి లాభం లేదు.

పక్క వాటా కొండల మీద తోటలు వేయించే కాఫీ సెక్షన్‌ది, సగం ఖాళీ. వాళ్ళ ఫైళ్ళు తీసి దాచి, వాటా చెరిపి, చిన్నదిగా మళ్ళీ గీస్తే ఇవతలిది పెరుగుతుంది. కాఫీ ఆఫీసరు గారు ససేమిరా అన్నారు.

"మా జాగా మీకెందుకిత్తామండి? రేపు కాఫీ మొక్కలకి సోటెక్కడిది?"

"మొక్కలు కొండమీదెయ్యండి బాబూ, పెట్టెలో కాదు" అన్నారు మేడమ్.

సాయంత్రం కావస్తున్నా ఆయన వినలేదు. ఆవిడ తన క్యారేజీ తెచ్చి ఆయన ముందు మూత తీశారు. సామ అన్నం, నాటుకోడి కూర.

"మా ఊళ్ళో గట్టు తగువొత్తే ఒకదగ్గర కూకుని తింటారు. తిన్నోడు ఒప్పుకున్నట్టే. ఇట్టం నేకపోతే తినకండి."

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత కూర వైపు చూశారు.

"వాసన సూసినా ఒప్పుకున్నట్టేనా?"

"నేదు బాబూ. ముక్క నోట్లో ఎట్టుకుంటేనే."

కాసేపటికి ఆయన లేచి చేతులు కడుక్కున్నారు.

మేడమ్ మాత్రం తినలేదు. ముందు కాపీ తియ్యి, తీసింది సరిచూడు అంటూ నా నెత్తినెక్కి కూర్చున్నారు. వాటా చెరిపేముందు నేను కాపీని మూడోసారి సరిచూడబోతే, "ఒరే గుంటడా, ఏటి సేత్తన్నావు? బస్సు నీకోసం ఆగదు!" అని కసిరారు. చెరిపాను. పత్రాల వాటా పెరిగింది. రెండు సర్వర్లలోనూ కొత్త కొలత కనబడ్డాకే అమ్మాయి పేరు ఎక్కించనిచ్చారు. పత్రం ప్రింటై సంతకానికి వెళ్ళేసరికి బయట బస్సు హారన్ కొట్టింది. బస్సైనా తప్పకూడదని ఆ పిల్ల అప్పటికే ఏడుపు మొహంతో ఎక్కేసింది.

అందరికంటే ముందు పరిగెత్తింది కాఫీ ఆఫీసరే. ఎంగిలి చెయ్యి పైకెత్తి బస్సుకి అడ్డంగా నిలబడ్డారు.

"ఏటైంది బాబూ?" అని డ్రైవరు అరిచాడు.

"మా జాగా ఇచ్చినాం! కాయితం అందకుండా ఎలా ఎల్తావు?"

ఇంతలో మేడమ్ కుచ్చిళ్ళు ఎగదోపుకుని, సంతకం తడి ఆరని కాగితం ఊపుకుంటూ వచ్చి కిటికీలోంచి అందించారు. "ఎల్లు గుంటా, సోటు సేసినాం" అన్నారు.

బస్సు వెళ్ళిపోయింది. మేడమ్ ఆయాసపడుతూ ఆఫీసరు వైపు తిరిగి, "ముక్కలేటైనా మిగిల్సినారా?" అని అడిగారు. ఆయన తల దించుకున్నారు. ఆవిడ లేరంటే ఏడుపొస్తోంది నాకు, కానీ కళ్ళు మూసుకుంటే కనబడేది అదే: పొద్దుట్నుంచీ ముద్ద ముట్టని మనిషి, బస్సు లేపిన దుమ్ములో నిలబడి, కడుపు పట్టుకుని నవ్వుతూ.