ఏ కొరతా లేని బడుల ప్రణాళిక

ప్రణాళిక అనే మాట మా కడప జిల్లాలోకి కొత్తగా దిగిన రోజులవి. ఆంధ్ర రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది, రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయింది; పోతూ పోతూ ఆ మాటను మా మీద వదిలేసి పోయినట్టుంది. బావి తవ్వాలన్నా ప్రణాళికే, పెండ్లి చేయాలన్నా ప్రణాళికే. ప్రొద్దుటూరులో నాకు క్షవరం చేసే ఆయన కూడా సగం గడ్డం గీకి ఆపి, "ఉండప్పా, ప్రణాళిక ప్రకారం పోతాండా" అనేవాడు. అట్లాంటి కాలంలో, ఇరవై రెండేళ్ల వయసులో, నేనూ ఒక ప్రణాళిక రాశాను. దేశంలో ఎవరు ప్రణాళిక రాసినా తమకు ఏవేవి లేవో చెప్పుకోవడానికి రాస్తారు. నాది మాత్రం మాకు అన్నీ ఉన్నాయని ఘంటాపథంగా చెప్పింది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాల పల్లెల్లో బడికొక కమిటీ ఉండేది. వాటిలో ఇరవై కమిటీలు కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డాయి. రిటైరైన హెడ్మాస్టరొకాయన దానికి పెద్ద, పెద్దయ్యవారు అనేవాళ్లం. నేను కార్యదర్శిని. (నా తెలివితేటలు చూసి పెట్టుకున్నారని చాలాకాలం అనుకున్నాను. అభ్యర్థుల్లో సైకిలు ఉన్నది నాకొక్కడికేనని తరువాత తెలిసింది.) ఒకరోజు ఆయన నన్ను పిలిచి, "మన బడులకు ఏమేమి లేవో, ఏది ముందు కావల్నో, అంతా ఒక ప్రణాళికగా రాయి. ఇరవై మంది అధ్యక్షులూ సంతకాలు పెట్టాల. నెలాఖరుకు కడప ఆఫీసుకు చేరకపోతే, బడులు కట్టే వరుసలో మన పేరే ఉండదు" అన్నారు. పని పూర్తయితే నా ఉద్యోగం ఖాయం. ఉద్యోగం ఖాయమైతే మా మేనమామ తన కూతుర్ని నాకిస్తానన్నాడు. అంటే మూడు తాలూకాల చదువూ, నా పెండ్లీ ఆ ఒక్క కాగితం మీదే ఆధారపడి ఉన్నాయి. ఈ రెంటిలో నన్ను ఏది ఎక్కువ తొందరపెట్టిందో చెప్పనక్కరలేదనుకుంటాను.

దువ్వూరు దిక్కు నుంచి మొదలుపెట్టాను. నా కాగితంలో మూడు గడులు: ఉన్నవి, లేనివి, కావలసినవి. మొదటి ఊరి అధ్యక్షుడు చేతికి గడియారం కట్టుకునే మనిషి. (అది నడిచేది కాదు. టైము అడిగితే తలెత్తి సూర్యుణ్ణి చూసి చెప్పేవాడు.) ఆ గడియారం మామ మంచం వాల్చి, సజ్జరొట్టె, వంకాయ పులుసు పెట్టి, చెంబెడు మజ్జిగ ఇచ్చి, "ఇంగ అడుగప్పా" అన్నాడు. "బడికి ఏమేమి లేవు మామా?" అన్నాను. ఆయన ముఖం ముడుచుకుపోయింది. "లేకపోవడమేంది? మా ఊరంటే ఏమనుకున్యావు నువ్వు? మాకేం తక్కువ?" ఆయన భుజం వెనక బడి కనబడుతూనే ఉంది. దానికి గోడలు మూడు.

ఏ ఊరికి పోయినా ఇదే వరస. జమ్మలమడుగు దిక్కున పరుపులు కుట్టే సాయిబు మామ ఒక ఊరికి అధ్యక్షుడు. "అల్లా దయవల్ల అన్నీ ఉండాయప్పా" అన్నాడు. నేను తలుపు సందులోంచి చూస్తే అయ్యవారు కుర్చీ లేక నల్లబల్లను నేల మీద పరుచుకుని దాని మీద కూర్చుని పాఠం చెబుతున్నాడు. పరాయివాడి ముందు 'మాకు లేదు' అనడం మా సీమ మనిషికి పంచె జారిపోవడంతో సమానం. ఇరవై ఊళ్లూ తిరిగేసరికి రెండో గడి శుభ్రంగా తెల్లగా ఉంది. పెద్దయ్యవారు దాన్ని చూసి, "ఈ కాగితం కడపకు పోతే మనల్ని మెచ్చుకుని దండలేస్తారు. బడి మాత్రం ఒక్కటి గూడా కట్టరు" అన్నారు.

దారి దొరికింది పులివెందుల దిక్కున. మళ్లీ అడిగి చూద్దామని పోతే, అక్కడొక అధ్యక్షుడు ఎప్పటిలాగే మాకేం తక్కువని చెప్పి, నన్ను సాగనంపుతూ ఉండబట్టలేక అన్నాడు: "ఆ పక్కూరోళ్ల బడి చూసినావా? పదకొండు వాసాలకు ఎనిమిది చెదలు తినిండాయి. అయ్యవారు బయట నిలబడి పాఠం చెప్తాడు. పిల్లోళ్లు లోపల, ప్రాణం అరచేతిలో పెట్టుకోని ఉంటారు." నా బుర్రలో దీపం వెలిగింది. మళ్లీ ఇరవై ఊళ్లూ తిరిగాను. ఈసారి ఎవరినీ వాళ్ల బడి గురించి అడగలేదు, పక్క ఊరి బడి గురించి అడిగాను. ఏం చెప్పారనుకున్నారు! ఎన్ని పలకలు పగిలాయో, ఏ గోడ ఎటు ఒరిగిందో, ఏ అయ్యవారు ఎన్ని గంటలకు కునుకు తీస్తాడో, అన్నీ వేళ్ల మీద చెప్పారు. ఒకాయన పక్క ఊరి బడి కప్పును నేల మీద పుల్లతో గీసి, చిల్లులు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తులు కూడా పెట్టాడు. అంత నికరమైన లెక్క ఏ ప్రభుత్వం తీసినా వచ్చేది కాదు.

ఒక్క ఊరి దగ్గర మాత్రం నా కలం ఆగింది. మా మేనమామ ఊరికి పక్క ఊరు సాయిబు మామది. "మీ మామ ఊర్లో బడా? ఎద్దుల కొట్టం గదప్పా అది!" అన్నాడాయన. ఆ సంగతి నాకు చెప్పాలా? నేను పెరిగింది మామ ఇంట్లో, చదివింది ఆ కొట్టంలో. కానీ ఆ ఊరి కమిటీ అధ్యక్షుడు మా మామ. కాబోయే మామగారి ఊరికి బడి లేదని రాసే మొనగాడు ఎక్కడైనా ఉంటాడా? 'ఏ కొరతా లేదు' అని రాసి కింద గీత కూడా కొట్టాను.

సంతకాల మీటింగుకు ముందురోజు మామకు ఆ ఒక్క భాగం చదివి వినిపించాను. మామ మీసం దువ్వుకున్నాడు. వాకిట్లో చాట పట్టుకుని జొన్నలు చెరుగుతున్న మామ కూతురు (అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు) తలెత్తకుండానే, "ఎద్దుల కొట్టం రాయలేదే బావా?" అంది. "అది వేరే సంగతి" అన్నాను. "ఏం వేరే? అయిదేండ్లు నేను ఆడ్నే సదివినా గదా. నాకంటే ముందు ఎద్దులకొచ్చినాయి ఎక్కాలు" అని లేచి లోపలికి పోయింది. మామ దగ్గాడు. నేనూ దగ్గాను.

మీటింగు ప్రొద్దుటూరులో ఒక పత్తి మిల్లు షెడ్డులో. నేను సంతకాలు పెట్టించుకుని బయటపడదామనుకుంటే, పెద్దయ్యవారు, "చదివి వినిపించకుండా సంతకం పెట్టించకూడదు. చదువు" అన్నారు. ఆ సంగతి నా ప్రణాళికలో లేదు. చదవడం మొదలుపెట్టాను. మొదటి ఊరికి మూడు గోడలే అనగానే గడియారం మామ లేచాడు. "ఎవురు చెప్పినారప్పా నీకు?" నేను తరువాతి వరుస వెతుక్కున్నాను. ఆయన మాత్రం పక్క ఊరి అధ్యక్షుడి వైపు చూశాడు. రెండో ఊరు చదివాను, ఇంకొకాయన లేచాడు. పదో ఊరికి వచ్చేసరికి కూర్చున్నవాళ్లు తక్కువ. గాల్లో తేలే దూది అందరి మీసాల మీదా వాలి, అంత కోపంలోనూ ఇరవై మంది ఒక్కసారిగా ముసలివాళ్లయినట్టు కనబడ్డారు. "మా ఊరి పరువు తీసే కాయితానికి సంతకం పెట్టం పో!" అని పైపంచెలు దులిపి బయలుదేరారు. నెలాఖరుకు ఇంకా రెండే రోజులు. నా కళ్ల ముందే బడులూ పెండ్లీ కలిసి గడప దాటుతున్నాయి.

కదలకుండా కూర్చున్నది మా మామా, సాయిబు మామా ఇద్దరే. "ఆగండప్పా" అన్నాడు సాయిబు మామ. "ఇన్ని ఊర్లు సదివినాడు. వాళ్ల మామ ఊరు యాడ? అది గూడా సదవమను." అందరూ గుమ్మం దగ్గర నిలబడిపోయారు. నేను చదివాను: "ఆ ఊర్లో... ఏ కొరతా లేదు." షెడ్డు రేకులు ఎగిరిపోయేటట్టు నవ్వారు. సాయిబు మామ నవ్వలేదు. నా ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు. మామ వైపు చూస్తే ఆయన పైకప్పు రేకులు లెక్కపెడుతున్నాడు. అప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది. అందరి గుట్టూ రాసి, నాది మాత్రం దాచుకున్నాను. కాగితం కింద పెట్టి, "అబద్ధం రాసినాను. మా ఊర్లో బడి లేదు. ఎద్దుల కొట్టం ఉంది. నేను సదివింది అందులోనే" అన్నాను.

మామ లేచాడు. కొడతాడనే అనుకున్నాను. "వాడు చెప్పింది గూడా సరిగా లేదు" అన్నాడు గంభీరంగా. "వానొస్తే పిల్లోళ్లను ఇంటికి పంపించి ఎద్దుల్ని కడతాం. అంటే ఎండాకాలమే బడి. మా అధ్యక్ష పదవి మాత్రం యాడాది పొడుగునా ఉంటాది." తరువాత గడియారం మామ వెనక్కి వచ్చి, "నీకు కొట్టమన్నా ఉండాది. మాకు మూడు గోడలే, దాంట్లో ఒకటి పక్కింటోళ్లది!" అన్నాడు. "మా కప్పు కిందికి మేమే పోం!" అని ఇంకొకాయన. "మా అయ్యవారు నల్లబల్ల మింద కూర్చుంటాడు!" అని సాయిబు మామ. ఇక చూసుకోండి పోటీ! ఇంతసేపూ తమకేమీ తక్కువ లేదన్నవాళ్లు, తమకున్నంత తక్కువ ఇంకెవరికీ లేదని పోట్లాడుకున్నారు. లేనివన్నీ రాస్తూ రాస్తూ నా కలంలో సిరా అయిపోయింది, అరువు తెచ్చుకుని పూర్తి చేశాను. ఇరవై సంతకాలు పడ్డాయి. పెద్దయ్యవారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, దూది పడిందని చెప్పారు.

తిరుగు ప్రయాణంలో బండి మామే తోలాడు. ఊరి పొలిమేర కనబడ్డాక, "రేయ్ అల్లుడా" అన్నాడు. "పది మందిలో నా పరువు తీసినావు." నేను తల వంచుకున్నాను. "లేనిది ఉందని చెప్పేటోనికి బిడ్డనిస్తే, అది పస్తుండినా నాకు తెల్దు. నీకిస్తే తెలుస్తాది. వచ్చే నెల్లో పెట్టుకుందాం."

ఆ ఏడాదే మా ఊళ్లో బడి కట్టారు. పెండ్లీ అయింది. మామ నా మీద పెట్టుకున్న నమ్మకం మాత్రం నాలుగు నెలలే నిలిచింది. పులివెందులలో కాపురం పెట్టిన కొత్తల్లో ఒకసారి జీతం సమయానికి అందక, ఇంట్లో తిండిగింజలు అయిపోయాయి. ఆ వారమే మామకు కార్డు రాశాను: 'ఇక్కడ అందరం క్షేమం. మాకేం తక్కువ లేదు.' పోస్టు డబ్బాలో వేసి రమ్మని నా భార్యకు ఇచ్చాను. మూడోనాడు వాకిట్లో మామ బండి ఆగింది. ఆయన రెండు మూటల జొన్నలు దించి, మంచినీళ్లు తాగి, ఆ కార్డు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. నా సంతకం కింద మిగిలిన చోటులో, గుండ్రని పెద్ద అక్షరాలతో ఇంకొక వరుస ఉంది: 'జొన్నలు లేవు నాయనా.'

ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. పై రెండు వాక్యాలూ రాసిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. కింది వరుస రాసినావిడ మాత్రం నేను ఎవరికి ఏ ఉత్తరం రాసినా, ఈనాటికీ, ముందు తను చదివిగానీ పోస్టులో వేయనివ్వదు.